ముల్లు మీద పావు డాలరు బిళ్ల

మదర్ టార్ప్లీతో నేను పందొమ్మిదేళ్లు సరిగ్గా మాట్లాడలేదు. ఎదురిల్లే. పొద్దున తలుపు తీస్తే ముందు ఆవిడ మొహమే కనపడేది. వరండాలో నిలబడి, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, బ్రదర్ యాన్సీ" అనేది. నేను "మిమ్మల్ని కూడా" అని గొణిగి నా రిపేరు షాపుకి పోయేవాణ్ని. అంతవరకే మా మాటలు. అలాంటి మనిషి గురించి నేనెందుకు చెప్పాలి అంటే, ఆవిడ పట్ల నేను చేసిన పని నాకు తప్ప ఇంకొక్కళ్లకే తెలుసు. నాకు డెబ్భై ఎనిమిది వచ్చాయి. చేతులు వణుకుతున్నాయి, రిపేరు పని మానేసి పదేళ్లయింది. నోరొక్కటే ఇంకా సరిగ్గా పనిచేస్తోంది.

ఆవిడ పూర్తి పేరు ఓజెల్లా టార్ప్లీ. పద్నాలుగేళ్లప్పుడు మిసిసిపీ పత్తిచేల నుంచి మా మెంఫిస్‌కి వచ్చింది. ఊరి మధ్యలో ఉన్న పెద్ద హోటల్‌కి దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ముప్ఫై ఒక్క ఏళ్లు గడిపింది. మోచేతుల దాకా కాలిన మచ్చలే. ఆ మచ్చలు కనపడకుండా ఆదివారం తెల్ల గౌను, తెల్ల చేతి తొడుగులు, తెల్ల బూట్లు వేసుకుని చర్చిలో మొదటి బల్ల మీద కూర్చునేది. ఆ బల్ల మీద కూర్చునే పెద్దావిడల్నే మేం మదర్ అంటాం. పాస్టర్ ఎంత గొంతు చించుకున్నా, ఆవిడ తల ఊపితేనే ప్రసంగం బాగున్నట్టు. చేతిగుడ్డతో మొహం విసురుకోవడం మొదలెట్టిందంటే ఆయన ఇంక ముగించెయ్యాల్సిందే.

వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు గడప తొక్కేది ఆవిడే. నా భార్య పోయినప్పుడు పన్నెండు రోజులు వరసగా నా గుమ్మంలో గిన్నె పెట్టి వెళ్లింది. కోడికూర, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. నేను తిన్నాను. గిన్నె కడిగి ఆవిడ మెట్ల మీద పెట్టాను. ఒక్క మాట అనలేదు. నా పంతం అలాంటిది.

ఆ పంతానికి కారణం ఆర్డెస్సా, ఆవిడ కూతురు. ఒక్కగానొక్క పిల్ల.

ఆర్డెస్సా చర్చి పాటల బృందంలో పాడేది. ఆ పిల్ల పాడే ఆదివారం అయితే, చర్చి మొహం చూడని మగాళ్లు కూడా గడ్డం గీసుకుని వచ్చేవాళ్లు. నాతో సహా. పదిహేడేళ్లప్పుడు, అంటే పంతొమ్మిది వందల అరవై ఆరులో, ఆ పిల్ల తల్లికి చెప్పకుండా స్టూడియోకి వెళ్లింది. పాత ఐస్ ఫ్యాక్టరీలో పెట్టిన స్టూడియో అది. వాళ్ల యాంప్లిఫైయర్లు పాడైతే నేనే బాగుచేసేవాణ్ని. అందుకే ఆ రోజు నేనక్కడ ఉన్నాను, నేల మీద పడుకుని వైర్లు అతుకుతూ. అక్కడ తయారవుతున్న ఆల్బమ్‌లో రెండో వైపు మూడో పాట. పాడేవాడు, నాతో ఉంటావా అని పిల్లని అడుగుతాడు. వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. అప్పుడు వెనకనుంచి ఒక ఆడగొంతు ఒంటరిగా నాలుగు మాటలు జవాబు చెప్పాలి. ఆ నాలుగు మాటలు ఆర్డెస్సా పాడింది. నేను వైరు వదిలేసి లేచి కూర్చున్నాను. ఏం విన్నా మొహంలో ఏ కదలికా లేని డ్రమ్ములవాడు కూడా తల తిప్పి చూశాడు.

కొన్ని వారాలకి రికార్డులు అచ్చువేసే కర్మాగారం నుంచి మచ్చు రికార్డులు రెండు వచ్చాయి. మచ్చు రికార్డుకి బొమ్మ ఉండదు, పేరుండదు, ఉత్త తెల్ల లేబుల్. ఒకటి స్టూడియోవాళ్లు విని అవతల పడేశారు. రెండోది ఆర్డెస్సా కోటు లోపల దాచుకుని నా షాపుకి పరిగెత్తుకొచ్చింది. వాళ్లింట్లో ఉన్న రికార్డ్ ప్లేయర్ మీద దేవుడి పాటలు తప్ప తిరగడానికి వీల్లేదు కదా. నా దగ్గర మంచి మిషను ఉండేది, గాడి మీద ఆడే ముల్లు తేలిక, రికార్డు అరగదు. ఆ నాలుగు మాటలున్న చోటే మూడుసార్లు విన్నాం. తర్వాత నా పెన్ను అడిగి, తెల్ల లేబుల్ మీద పెద్ద అక్షరాలతో ఆర్డెస్సా అని రాసుకుంది. పార్టీలకి పట్టుకెళ్తే రికార్డులు తారుమారు కాకుండా మేమందరం అలాగే పేర్లు రాసుకునేవాళ్లం. ఆ పిల్ల మటుకు తన పేరు ఎక్కడో ఒక చోట ఉండాలని రాసుకుంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తల్లికి వినిపించాలని వెర్రి ఆశ. ఇంటికెళ్లి, "అమ్మా, ఒక్కసారి విను" అంది. మదర్ టార్ప్లీ ముల్లు కింద పెట్టనివ్వలేదు, రికార్డు లాగేసుకుంది. మర్నాడు హోటల్ పనికి సెలవు పెట్టి, ఆదివారం బట్టలు కట్టుకుని నేరుగా స్టూడియోకి వచ్చింది.

నేను అప్పుడూ అక్కడే ఉన్నాను. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే ఎవరో ఒకరు ఎదురు మాట్లాడేవాళ్లు. పిల్లకి పద్దెనిమిది నిండలేదనీ, తను ఎక్కడా సంతకం పెట్టలేదనీ చెప్పింది. తర్వాత, "నా బిడ్డ గొంతు దేవుడిచ్చింది. దాన్ని మీ టేపులోంచి తీసెయ్యండి. నేను ఇక్కడే నిలబడతాను" అంది. ముందు ఒకసారి వినండమ్మా అని స్టూడియో ఆయన బతిమాలాడు. "వినక్కర్లేదు, తియ్యండి" అంది. తీసేశారు. టేపు చక్రాలు గిర్రున తిరిగి ఆగాయి. ఆవిడ థాంక్స్ చెప్పి మరీ వెళ్లింది.

ఆర్డెస్సా బయట మెట్ల మీద కూర్చుని ఉంది. "పోయిందా, లెమ్ బాబాయ్?" అని నన్ను అడిగింది. పోయిందన్నాను. సోమవారం ఇంకో అమ్మాయిని పిలిచి ఆ నాలుగు మాటలు పాడించారు. బాగానే పాడింది ఆ అమ్మాయి, తప్పు పట్టడానికి లేదు.

ఆ ఆల్బమ్ ఎంత ఆడిందో నేను చెప్పాలా. మా వీధిలో శనివారం పొద్దున అంటే ఇల్లు కడగడం. తల్లి లేచి ఆ రికార్డు పెట్టిందంటే పిల్లలు చీపుర్లు పట్టుకోవాల్సిందే. పిలవడం, లేపడం ఏమీ ఉండవు. కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఒక్క పాట కూడా తప్పిపోకుండా వినొచ్చు. రెండో వైపు మూడో పాట వచ్చేసరికి మదర్ టార్ప్లీ కిటికీలు మూసేసేది. ఎంత భక్తో చూడండి అనుకునేవాళ్లు జనం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆర్డెస్సా ఆ ఏడాదే ఇల్లు వదిలి చికాగో వెళ్లిపోయింది. రెండేళ్లకి చంకలో పాపతో తిరిగొచ్చింది. పాప పేరు కార్లిస్. పెళ్లి కాకుండా పిల్లని కన్నందుకు చర్చిలో అందరి ముందూ నిలబడి క్షమాపణ అడగాలన్నారు, అడిగింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ చర్చిలో నోరు విప్పి పాడలేదు. డెబ్భైలో ఎవరిదో బ్యాండు వెనక పాడటానికి వ్యానులో వెళ్తుంటే, జాక్సన్ దగ్గర వానలో బండి బోల్తా పడింది. పోయింది, ఇరవై ఒక్క ఏళ్లకి. అంత్యక్రియల్లో మదర్ టార్ప్లీ మొదటి బల్ల మీద నిటారుగా కూర్చుంది. కంట తడి పెట్టలేదు. చర్చి కింద గదిలో భోజనాల దగ్గర నేను ఆగలేక వెళ్లి అడిగాను. తెల్ల లేబుల్ రికార్డు ఎక్కడుంది, ఆ పిల్ల గొంతు ఈ లోకంలో ఇంక అందులోనే ఉంది, నాకివ్వండి, పాప పెద్దయ్యాక వినిపిస్తాను అన్నాను.

"నదిలో పారేశాను" అంది, నా కంచంలో రొట్టె వేస్తూ.

ఆ రొట్టె అక్కడే వదిలేసి బయటికొచ్చాను. ఆ రోజునుంచే ఆవిడతో మాటలు బంద్.

కార్లిస్‌కి పదేళ్లప్పుడు నేనే చెప్పాను, మీ అమ్మ గొంతు ఉన్న రికార్డు ఒకటుండేదని. చెప్పకుండా ఉండాల్సింది. వెళ్లి అమ్మమ్మని అడిగింది. అదే జవాబు వచ్చింది. ఇంక ఇంట్లో అడగలేదు గాని, శనివారం చర్చి పాటల సాధన నుంచి వస్తూ నా షాపులో ఆగి ఆ ఆల్బమ్ పెట్టించుకునేది. ఆ చోటు రాగానే, "అమ్మ గొంతు ఇలాగే ఉండేదా, బాబాయ్?" అనేది. ఇంకా బాగుండేదనేవాణ్ని. "బాగుండేదంటే ఎలా?" అనేది. ఎలా చెప్తాం? తల్లి మొహం ఫొటోలో ఉంది, తల్లి గౌను పెట్టెలో ఉంది. గొంతు ఒక్కటే లేదు. పిల్లకి కావలసింది అదొక్కటే.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. అసలు చెప్పాల్సింది ఇదే.

ఆర్డెస్సా పోయిన రెండో చలికాలం. షాపులో ఆరు టీవీలు విప్పి పెట్టుకుని కూర్చున్నాను. మదర్ టార్ప్లీ వచ్చింది. చంకలో ఒక చర్చి పాటల ఆల్బమ్, నీలం అట్ట. ఇంట్లో ముల్లు ఎగిరిపోతోంది, ఒక చోట నిలబడటం లేదు, కాస్త వచ్చి చూస్తావా నాయనా అంది. ఎప్పుడూ బ్రదర్ యాన్సీ అనే మనిషి ఆ రోజు నాయనా అంది. అదైనా నా బుర్రకి ఎక్కి ఉండాల్సింది. ఏ పాట దగ్గర అని అడిగాను. "దేవుడి పాటే, ఇంకేముంటుంది మా ఇంట్లో" అంది, నా మొహం చూడకుండా.

సాయంత్రం ఇంటికి వెళ్తే, రోడ్డు దాటితే ఆవిడ ఇల్లు. కొత్త ముల్లు వేసి, ముల్లుని మోసే చెయ్యి బరువు సరిచేస్తే పది నిమిషాల పని. నేను వెళ్లలేదు. ఆ గుమ్మం తొక్కను అనుకున్నాను.

అప్పట్లో ముల్లు ఎగిరితే మా వాళ్లందరూ చేసే పని ఒకటే. ముల్లు తల మీద ఒక బిళ్ల పెట్టేస్తారు. ఐదు సెంట్లది పెడతారు, ఆగకపోతే పావు డాలరుది. ముల్లు ఎగరదు నిజమే, కానీ ఆ బరువుకి గాడిని గీకి గీకి తినేస్తుంది. ఎంతమందిని తిట్టానో ఈ విషయంలో. నా షాపు గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో బోర్డు కూడా ఉండేది, బిళ్లలు పెట్టి రికార్డుల్ని చంపకండి అని. ఆవిడ సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి ఉంది. ఆవిడకి చదువు రాదు. ఆ సంగతి నాకు తెలుసు.

"పావు డాలరు బిళ్ల పెట్టండి, ఆగుతుంది" అన్నాను.

పోతే పోనీ ఆవిడ దేవుడి పాటలు, అరిగి అరిగి నాశనం కానీ అని మనసులో అనుకున్నాను. అక్షరాలా అలాగే అనుకున్నాను. ఆవిడ, "దేవుడు నీకు మేలు చేస్తాడు" అని వెళ్లిపోయింది.

ఎనభై తొమ్మిది వసంతకాలంలో మదర్ టార్ప్లీ నిద్రలోనే పోయింది. తెల్ల బట్టల్లోనే పూడ్చాం. ఆ తర్వాత వచ్చిన శనివారం పొద్దున కార్లిస్ నా తలుపు కొట్టింది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, తల్లి పోయిన వయసు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి వచ్చింది. చేతిలో నీలం అట్ట చర్చి ఆల్బమ్. అట్టలోంచి రికార్డు సగం బయటికి లాగి చూపించింది. తెల్ల లేబుల్. మీద నా పెన్నుతో ఆర్డెస్సా రాసుకున్న పేరు.

"పారెయ్యలేదు, బాబాయ్. ఇంట్లోనే ఉంది. అమ్మమ్మ పారెయ్యలేదు."

కార్లిస్ చెయ్యి పట్టుకుని, పందొమ్మిదేళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కాను. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుతున్నాం. రికార్డ్ ప్లేయర్ మూత నేనే తీశాను.

ముల్లు తల మీద పావు డాలరు బిళ్ల. గాయానికి అంటించే ప్లాస్టర్‌తో కట్టేసి ఉంది. ప్లాస్టర్ గోధుమరంగు తిరిగిపోయింది.

ప్లాస్టర్ ఊడదీసి బిళ్ల బల్ల మీద పెట్టాను. ముల్లు తుడిచాను. రెండో వైపు మొదటి పాట పెడితే శుభ్రంగా వచ్చింది, నిన్న కొన్నట్టు. రెండో పాటా అంతే. కార్లిస్ కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. మూడో పాట. పాడేవాడు అడిగాడు. వాయిద్యాలు ఆగాయి. ఆ తర్వాత వేడినూనెలో తడి చెయ్యి విదిలించినట్టు చిటపట, గరగర, ఇంకేమీ లేదు. ముల్లు ఎగిరి అవతల పడి, వాయిద్యాలు మళ్లీ అందుకున్నాయి.

"ఏమైంది?" అంది కార్లిస్.

రికార్డు తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. ప్లేటంతా నల్లగా నిగనిగలాడుతోంది. మూడో పాట మధ్యలో మాత్రం బూడిద రంగు చార, గోరు మందం ఉంటుందేమో. ఆ ఒక్కచోటే ముల్లు దింపి, ఎత్తి, దింపి, ఎత్తి. వందసార్లు కాదు, వేలసార్లు. మొదటివైపు అసలు ఎవరూ ముట్టుకోలేదు.

కార్లిస్ ఆ చారని చూసింది. అప్పుడు చెప్పింది. శనివారం శనివారం తనని పాటల సాధనకి పంపేసి, ఇల్లు కడుక్కుంటానని అమ్మమ్మ లోపల గడియ వేసుకునేదట. తను వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవట. అడిగితే, బ్లీచు ఘాటు అనేదట. వీధి వీధంతా ఇంకొకామె గొంతు మోగుతుంటే ఈవిడ కిటికీలు మూసుకుని తన కూతురి గొంతు వినేదన్న మాట. తను చెరిపించిన గొంతు. స్టూడియోలో నిలబడి వినక్కర్లేదన్న గొంతు. నేను ఆవిణ్ని భక్తురాలనీ, బండరాయనీ తిట్టుకుంటూ రోడ్డుకి ఇవతల కూర్చున్నాను.

"ఇంత అరిగేదాకా ఎలా పెట్టింది, బాబాయ్? ఈ బిళ్ల ఎవరు పెట్టమన్నారు ఆవిడకి?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పి ఉంటే ఆ పిల్ల నమ్మేది.

"నేనే" అన్నాను. "ముల్లు ఎగురుతోంది, వచ్చి చూడమంది. నేను రాలేదు. బిళ్ల పెట్టుకోమన్నాను."

కార్లిస్ తిట్టలేదు. తిడితే కొంచెం తేలికయ్యేది. "సరే, నువ్వు విన్నావు కదా. అమ్మా పోయింది, అమ్మమ్మా పోయింది, నువ్వే మిగిలావు. అమ్మ ఎలా పాడిందో పాడి చూపించు. గొంతు బాగోకపోయినా ఫరవాలేదు" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. స్టూడియో నేల గుర్తొచ్చింది, కాలిన వైరు వాసన గుర్తొచ్చింది, డ్రమ్ములవాడు తల తిప్పడం గుర్తొచ్చింది. ఆర్డెస్సా నోరు తెరవడం కూడా కనపడింది. ఆ నోట్లోంచి వచ్చిన గొంతు మాత్రం ఆ ఇంకొకామెది. ఇరవై మూడేళ్లుగా ప్రతి శనివారం, ప్రతి కిటికీలోంచి విన్న గొంతు. దాన్ని పక్కకి నెట్టి లోపల వెతికాను. ఎంత వెతికినా అదే వస్తోంది. ఆ పిల్ల ఎలా పాడిందో నాకు గుర్తులేదు. ఇంకా బాగుండేది, ఇంకా బాగుండేది అని ఇన్నేళ్లూ చెప్పింది ఉత్త మాటే.

"నావల్ల కావడం లేదు, తల్లీ" అన్నాను.

బయట అవతలి ఇంట్లో ఎవరో కిటికీలు తెరిచి అదే ఆల్బమ్ పెట్టారు. చీపుర్ల చప్పుడు మొదలైంది. కార్లిస్ లేచి కిటికీలు మూసేసింది, ఒకటి తర్వాత ఒకటి, అచ్చం వాళ్ల అమ్మమ్మలాగే. నా చేతిలోంచి రికార్డు తీసుకుని మళ్లీ పెట్టింది. బల్ల మీద ఉన్న పావు డాలరు బిళ్ల తీసి ముల్లు తల మీద పెట్టబోయింది. నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్లింది. అలవాటు.

"చెయ్యి తియ్యి, బాబాయ్. లేకపోతే ఎగిరిపోతుంది."

తీశాను.

పాడేవాడు అడిగాడు. వాయిద్యాలు ఆగాయి. ఈసారి ముల్లు ఎగరలేదు, గాడి పట్టుకుని ఉంది. గరగర మొదలయ్యే ముందు, ఎవరో ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు వినిపించింది. అర క్షణం కూడా లేదు. అది ఆర్డెస్సా పాడబోతూ తీసుకున్నది కావచ్చు, పాడేవాడిదే కావచ్చు, అరిగిన ప్లేటు చేసే చప్పుడూ కావచ్చు. ముప్ఫై ఏళ్లు రికార్డులతోనే బతికినవాణ్ని, నేను చెప్పలేను.

"అది అమ్మేనా?" అంది కార్లిస్.

"అమ్మే" అన్నాను.

కార్లిస్ ముల్లు ఎత్తి మళ్లీ అక్కడే పెట్టింది.